రేపల్లె ఫైలు

“నన్ను దొంగకంటే హీనంగా గెంటేశారండీ!”

తెనాలిలో ప్రైవేట్ డిటెక్టివ్ హనుమయ్య ఎదుట అంత కోపంగా మాట్లాడిన మనిషిని ఆయన అసిస్టెంటు సారా ఎన్నడూ చూడలేదు. ఆ అమ్మాయి దేవకుమారి. బాపట్ల నుంచి రోజూ వచ్చి, బసవేశ్వరరావు గారి కంప్యూటర్ సెంటర్లో పనిచేసేది.

అది 1998. రెండు వేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పుతాయని అందరికీ కంగారు. వాటిని వరుస వరుసా చదివి తప్పులు చూపే ప్రోగ్రామొకటి దేవకుమారి రాసింది. పన్నెండు ఫైళ్లు చక్కగా చదివిన ఆ ప్రోగ్రాము, సోమవారం రేపల్లె రైసుమిల్లు ఫైలు తెరవగానే కుప్పకూలింది. ఆమే కావాలని చెడగొట్టిందన్నాడు సూపర్వైజరు నరసింహం. యజమాని నమ్మి, అందరిముందూ తిట్టి పంపేశాడు.

“ఈ మచ్చతో నన్నెవరు పనిలో పెట్టుకుంటారండీ?”

హనుమయ్య సారాతో సెంటరుకు వెళ్లాడు.

“ఫైలు మీద ఆదివారం తేదీ ఉంది. ఆ రోజు దీన్ని ఎవరు తెరిచారు?” అన్నాడు హనుమయ్య.

“నేనైతే ముట్టుకోలేదండి,” అన్నాడు నరసింహం. “ఆడపిల్లల చేతికి ఇలాంటి పనులిస్తే ఇంతే!”

సారా పళ్లు కొరుక్కుంది. మిల్లు చిరునామా అడిగితే, నరసింహం కాగితం పైన ముందు ‘శ్రీ’ చుట్టి, తర్వాత చిరునామా రాసిచ్చాడు. ఆ సాయంత్రమే ఇద్దరూ రేపల్లె వెళ్లి మిల్లు నుంచి అసలు ఫ్లాపీ తెచ్చారు.

మర్నాడు హనుమయ్య సెంటర్లో అందరినీ కూర్చోబెట్టాడు. దేవకుమారి ప్రోగ్రాము మిల్లు ఫ్లాపీని ఆగకుండా చదివేసింది. సెంటర్లోని కాపీ దగ్గర మళ్లీ కూలింది.

“కాపీని రెండుగా కొయ్యమ్మా. ఏ సగం దగ్గర చస్తోందో దాన్నే మళ్లీ కొయ్యి,” అన్నాడు హనుమయ్య దేవకుమారితో.

పదకొండోసారికి ఒక్క వరుస మిగిలింది. అందులో నాలుగు పిచ్చి గుర్తులు.

“తెలుగు అక్షరాలు చూపించే కార్డున్న మిషన్ ఏదండీ?”

“నరసింహానిదొక్కటే,” అన్నాడు యజమాని.

ఆ మిషన్లో గుర్తులు ‘శ్రీ’గా కనిపించాయి.

“మిల్లు ఫైల్లో ఇది లేదు,” అన్నాడు హనుమయ్య. “ఆదివారం ఈ అమ్మాయి బాపట్లలో చర్చికి వెళ్లింది. నరసింహం గారు ఆమె ప్రోగ్రాము నడిపి, రిపోర్టు తనదని మీకిద్దామనుకున్నారు. ఏ పనికైనా ముందు శ్రీ పెట్టే అలవాటు కదా, ఫైలుకీ పెట్టారు. అది కూలేసరికి నేరం ఈమె మీదకి తోశారు.”

నరసింహం తల దించుకున్నాడు.

“సర్లేమ్మా, జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి పనిలోకి రా,” అన్నాడు బసవేశ్వరరావు.

“తెలుగు అక్షరం చూసి ప్రోగ్రాము చావకూడదు. ఆ లోపం నాదేనండి, సరిచేస్తాను,” అంది దేవకుమారి. “నన్నన్న మాట మాత్రం మీది. విన్నవాళ్లంతా ఇక్కడే ఉన్నారు.”

ఆమె తన పని కుర్చీలో కూర్చోలేదు. బసవేశ్వరరావు లేచి, చేతులు జోడించి, నోరు విప్పేదాకా అలాగే నిలబడింది.