ముందటికాళ్ల బందం

"గీ ఐతారం తారీకు పంతులు పెట్టిందా, నువ్వు పెట్టిందా బావా?"

స్నిగ్ధ తడిక తోసుకొని దొడ్లెకు వచ్చిన తీరుకు గొర్లన్నీ ఒక మూలకు జరిగినయి. విజేందర్ చేతిల తుమ్మకొమ్మ చేతిలనే ఆగింది. పొద్దటి నుంచి ముసురు. ఆమె తల తడిసింది గని కండ్లు మండుతున్నయి.

"పంతులే..." అన్నడు.

"అబద్ధం! ఇప్పుడే ఆయన్ను అడిగొస్తున్న. దసరా దాటినంక పెట్టుకొమ్మన్నడట. మీ అవ్వకు మార్చి చెప్పింది నువ్వు."

వరుసకు బావ. రెండేండ్ల ప్రేమ. పెద్దలు ఒప్పుకున్నరు, ఐతారం పూలుపండ్లు పెట్టి పిల్లను ఖాయం చేసుకునుడు. కొట్లాట ఎక్కడొచ్చిందంటే, సోమారం స్నిగ్ధ సికింద్రాబాద్‌ల ట్రైనింగ్‌కు చేరాలె. రైలింజన్ నడిపే కొలువు. చేరకుంటే పోతది. విజేందర్ ఇంట్ల పద్ధతేమో, పూలుపండ్లయిన పిల్ల పెండ్లిదాక ఊరి పొలిమేర దాటొద్దు. పెండ్లి మాఘంల.

"ఇంపీడ్ అంటే ఎరుకేనా నీకు?"

"ఇంగ్లీషు పరీక్ష పెడుతున్నవా? ఎరుకే. పనికి అడ్డం పడుడు."

"అది పైపై అర్థం. పాత లాటిన్ల పుట్టిన మాట. పాదం అనే మాట దాని కడుపుల ఉన్నది. కాళ్లకు తాడు వేసి నడవరాకుండ చేసుడు, అదీ అసలు అర్థం. పరీక్షకు చదివిన. నా మీదికే వస్తదనుకోలే."

విజేందర్ చూపు పక్కకు పోయింది. అక్కడ నల్లమేక కుంటుకుంట మేస్తున్నది. ముందటికాళ్లు రెండు కలిపి తాడుతోని బందం. పొద్దుగాల ఆయనే వేసిండు.

"అది పక్కోళ్ల చేన్ల పడుతున్నది, అందుకే..."

"నేనెవరి చేన్ల పడ్డ?"

చూరు నీళ్లు మెడ మీద పడుతున్నా ఆయన జరుగలేదు.

"పట్నం పోతే నన్ను మరుస్తవని బుగులైంది స్నిగ్ధా."

"బుగులు నీది, తాడు నా కాళ్లకా? ఆ మాట నా మొఖాన చెప్పరాదా? చాటుకు పోయి తారీకులు మారుస్తవా? ఇదేనా నీ ప్రేమ?"

తడిక గూడ వెయ్యకుండ వెళ్లిపోయింది. గొర్లు బయటవడి ఊరంత తిరిగినయి. తిరగనీ అనుకున్నది.

దీపాలు పెట్టేయాల్లకు విజేందర్ స్నిగ్ధ వాళ్లింటికొచ్చిండు, ఎనుక ఆయన అవ్వ గుర్వమ్మ. స్నిగ్ధ నాయిన శ్రీశైలం కుర్చీ వేసిండు. విజేందర్ కూసోలే.

"మామా, పంతులు పేరు చెప్పి తారీకు ముందుకు జరిపింది నేనే. తప్పు నాది. పూలుపండ్లు ఆపుండ్రి. ట్రైనింగ్ అయినంకనే చేసుకుందం."

అవ్వ కట్టె ఎత్తింది. "దొంగముండాకొడక! నా నోటితోని అబద్ధం చెప్పిస్తివి గదరా!"

శ్రీశైలం నవ్వు ఆపుకున్నడు. స్నిగ్ధకు మాత్రం కోపం ఇంక పెరిగింది.

"అప్పుడు జరిపినప్పుడు నన్ను అడగలే. ఇప్పుడు ఆపేటప్పుడూ అడగవా? ఐతారమే కానియ్యుండ్రి. సోమారం నేను బస్సెక్కుత. పద్ధతని ఎవరాపుతరో ఆపుండ్రి."

అందరు అవ్వ దిక్కు చూసిండ్రు. అవ్వ కట్టె దించి పిల్ల మొఖం చూసింది.

"పెండ్లయి వచ్చినంక నన్ను మా అత్త గిట్లనే ఆపింది. పుట్టింట్ల మా అమ్మ పాణం పోతుంటే గూడ పోనియ్యలే," అన్నది మెల్లగ. మల్ల గొంతు పెంచి, "పోవే. పండ్లు మూటగట్టిస్త, బస్సుల తినుకుంట పో."

సోమారం పొద్దున బస్టాండ్ల విజేందర్ బ్యాగు పైనవెట్టి దిగిండు. కిటికీ పక్కన నిలవడ్డడు. స్నిగ్ధ చేతులకు కొత్తగాజులు, మొఖం మాత్రం అటు దిక్కు.

"కోపం పోలేదా?"

"పోలే."

"ఫోన్ చేస్తవా?"

"చెయ్య."

బస్సు కదిలింది. రెండడుగులు పోంగనే కిటికీల నుంచి తల బయటపెట్టింది.

"వచ్చే ఐతారం సికింద్రాబాద్ రా! తిట్టేది ఇంక శాన ఉన్నది!"