లేని మనిషికి మందు

కార్తికేయ తన బొటనవేలిని వైద్యమణి పైనున్న గుంటలో ఉంచాడు. సూది చీమ కుట్టినంత మెల్లగా తాకి వెనక్కు తగ్గింది. తమలపాకుల పెట్టె అంత ఉన్న ఆ యంత్రం శాంతగంభీరమైన స్వరంతో పలికింది.

"దేహానికి స్వల్ప జ్వరం ఉన్నది. ఆందోళన అక్కరలేదు. మందు తయారవుతున్నది."

అతని ప్రక్కనే చాప మీద భార్య హైమవతి పడి ఉన్నది. ఆమె నుదుట వేసిన తడిగుడ్డ అప్పుడే ఆరిపోయింది. పెదవులు చిట్లి, చెక్కిళ్లు కాగిన రాగిరేకుల వలె ఎర్రబడి ఉన్నాయి. కుటీరానికి వెలుపల సముద్రం మధ్యాహ్నపుటెండలో కరగిన వైడూర్యమై మెరుస్తూ, లోపల ఒక ప్రాణి దహించుకుపోతున్న సంగతి తనకు పట్టనట్టే ఒడ్డును తాకి వెళుతున్నది.

"స్వల్పమట," అన్నాడు కార్తికేయ.

హైమవతి కళ్లు తెరవకుండానే నవ్వబోయింది. "దానికేం పోయింది? జ్వరం దానికి రాలేదుగా."

యంత్రం అడుగున ఉన్న చిన్న గిన్నెలోకి పసుపుపచ్చని ద్రవం బొట్టుబొట్టుగా దిగింది. ఆమె వాసన చూసి మొహం తిప్పుకున్నది.

"చేదు. నేను తాగను."

"హైమా, పంతం పట్టకు."

"నువ్వు సగం తాగు. అప్పుడు తాగుతాను. ముంతలో మజ్జిగైనా మనిద్దరం చెరిసగమే కదా తాగింది ఇన్నాళ్లూ!"

అతడు సగం తాగాడు. మిగిలిన సగం ఆమె, మాట తప్పకుండా, గుటకవేసింది. నిన్న కూడా అలాగే జరిగింది. అంతకుముందునాడూ అంతే.

వైద్యమణి అన్నది ఏమిటో ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఆ కాలానికి అందరికీ ఒకే మాత్ర అనే పద్ధతి అంతరించింది. రోగక్రిములు పాత మందులన్నింటినీ జీర్ణించుకొని బలిసిపోయాయి. అప్పుడు శాస్త్రవేత్తలు వేరొక త్రోవ తొక్కారు. ప్రతి దేహానికీ తనదైన ఆరోగ్యం ఒకటి ఉంటుంది. ఒకరికి సహజమైన వేడి మరొకరికి జ్వరం, ఒకరి నెత్తురులో ఉండవలసిన ఉప్పు మరొకరికి విషం. కనుక యంత్రం మొదట ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ప్రతి ఉదయం ఒక చుక్క నెత్తురు రుచి చూసి, అతని దేహస్వరూపాన్ని తనలో చిత్రించుకుంటుంది. దానిని వారు బేస్‌లైన్ అన్నారు. రోగం వచ్చిననాడు ఆ చిత్రంతో పోల్చి, తప్పిన చోటును కనిపెట్టి, ఆ ఒక్క దేహానికి మాత్రమే సరిపడే మందును తనలోనే వండుతుంది. ఒక యంత్రం ఒక రోగిని నయం చేస్తే ఆ ఫార్ములా నెట్‌వర్క్ ద్వారా తక్కిన యంత్రాలన్నింటికీ చేరుతుంది. అవి తమ తమ యజమానుల దేహాలకు అనువుగా దానిని సవరించుకుంటాయి. ఆసుపత్రులు మూతపడ్డాయి. ఈ కుటీరమున్న నీలమేఖల వంటి దూరపు ద్వీపాలలో వైద్యుడన్న మాటే పిల్లలకు తెలియకుండా పోయింది.

ఆ ద్వీపాల గొలుసును కాలినడకనా పడవల మీదా చుట్టి రావాలని భార్యాభర్తలిద్దరూ పెళ్లినాటి నుంచి కలలు కన్నారు. కాకినాడలోని తమ ఇంట, వంటగదిలోని త్రాసు ముందు కూర్చుని, వీపున మోయవలసిన ప్రతి వస్తువునూ తూచారు. సంచీ భుజానవేసుకొని తిరిగేవారికి బరువొక్కటే శత్రువు. పళ్లుతోముకునే బ్రష్షుల పిడులు సగానికి కోశారు. ఇద్దరికీ ఒకే దువ్వెన, ఒకే తువ్వాలు, ఒకే కంచం. చివరకు రెండు వైద్యమణులు మిగిలాయి. ఇటుకల వలె బరువైనవి.

"ఒక్కటి చాలదూ?" అన్నది హైమవతి అప్పుడు. "కొంగుముడి వేసుకున్నది ఊరికేనా? దేవుడే సగం శరీరం భార్యకిచ్చాడు. నువ్వు ఒక పెట్టె ఇవ్వలేవా?"

ఆ మాట కార్తికేయకు ముచ్చటగా తోచింది. అతడు లెక్కలలో ఆరితేరినవాడు. యంత్రాలను మాయచేయడం సరదా. క్రొత్తగా కొన్న వైద్యమణి "ఎందరు వాడుదురు?" అని అడిగితే "ఒక్కరే" అని జవాబిచ్చాడు. ప్రయాణానికి ముందు ఎన్నో వారాలు ఒకనాడు తన వేలూ మరునాడు ఆమె వేలూ దానికి అందించాడు. అది మారుమాటాడలేదు. నేర్చుకుంటూ పోయింది. ఆమెకు జ్వరం వచ్చిన తరువాతా ఆ వంతులు అలాగే సాగాయి.

కుటీరం యజమానురాలు పోలమ్మ కొబ్బరిబోండం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలతో సహా ఈ ద్వీపానికి తరలివచ్చినవారు.

"ఏటి బాబూ, అమ్మకి ఎలగుంది? మొకం సూత్తే నాకు బయ్యంగుంది."

"స్వల్ప జ్వరమేనట పోలమ్మా."

"ఎవులన్నారు?"

"మిషను."

"మిషను సెప్పిందా, అయితే పరవానేదు," అని పోలమ్మ వెంటనే తేలికపడింది. కాని హైమవతి పాదాన్ని తాకి చెయ్యి వెనక్కు లాక్కున్నది. "పరవానేదు గానీ... అవతల దీవిలో డాక్టరమ్మ ఉంది బాబూ. ఈ మిషన్లు కనిపెట్టినోల్లలో ఆవిడొకరంట. ఓ కబురెట్టనా?"

డాక్టర్ పేరిందేవి మరునాటి ప్రొద్దుటే పడవ దిగింది. తెల్లని జుట్టును బిగించి ముడివేసుకున్న సన్నని మనిషి. రోగిని ఒక్కసారి చూసి, ఆమె కనురెప్పను ఎత్తి, చెవి వెనుక పొడసూపిన ఎర్రని చుక్కలను తాకింది.

"పగడపుజ్వరం. ఈ ఏడు ఈ ద్వీపాలకు క్రొత్తగా వచ్చింది. దీనికింకా ఎక్కడా మందు కుదరలేదు. ముదిరిపోయింది కూడా. ఇన్నాళ్లు ఏం చేస్తున్నావు నాయనా?"

"మందు వేస్తూనే ఉన్నాను డాక్టరుగారూ. యంత్రం స్వల్పజ్వరమంటున్నది."

ఆమె వైద్యమణిని చేతిలోకి తీసుకుని, దానిలో రోగం పేరు నమోదు చేసి, తెరమీది అంకెలు చదివింది. మళ్లీ చదివింది.

"ఇది ఎవరిది?"

"మాది."

"మాది అంటే? నీదా, ఆమెదా?"

"ఇద్దరిదీ. రోజుకొకరం వేలు పెడతాం."

డాక్టర్ పేరిందేవి నెమ్మదిగా ముక్కాలిపీట మీద కూర్చున్నది. ఆమె ముఖంలో కోపం రాలేదు. కోపం వస్తే కార్తికేయకు కొంత ఊరట కలిగేదేమో.

"నాయనా, ఈ యంత్రానికి నువ్వు తెలియవు. నీ భార్యా తెలియదు. మీ ఇద్దరి నెత్తురునూ కలిపి సగం చేసి, లోకంలో లేని ఒక మనిషిని ఇది తనలో నిర్మించుకున్నది. సగం మగ, సగం ఆడ. ఆమె వేలు పెడితే ఇంత జ్వరం ఎక్కడిదని సందేహిస్తుంది. మరునాడు నీ వేలు పెడితే జ్వరమే లేదని తేలుస్తుంది. రెండూ కలిపి స్వల్పమంటుంది. ఆ లేని మనిషికి మందు వండుతున్నది. అది ఆమెకు ఎలా పనిచేస్తుంది?"

కార్తికేయ పీట దగ్గరకు జరిగాడు. "క్రొత్త యంత్రం తెప్పిస్తే?"

"అది నేర్చుకునేది ఆరోగ్యాన్ని. ఇప్పుడు ఆమెలో నేర్చుకోవడానికి ఆరోగ్యమెక్కడున్నది? ఈ జ్వరమే ఆమె స్వభావమనుకుంటుంది."

చాప మీద నుంచి సన్నని స్వరం వినిపించింది. "డాక్టరుగారూ, ఆ సలహా నాదే. ఆయన్ని తిట్టకండి."

"ఎవరినీ తిట్టడం లేదమ్మా. నిద్రపో."

కార్తికేయ గది నలుమూలలా నడిచాడు. ఒక్కసారిగా ఆగాడు. అతని కన్నులలో చాలారోజుల తరువాత వెలుగు కనిపించింది.

"డాక్టరుగారూ! ఆ యంత్రంలో ఉన్నది ఇద్దరి మొత్తమే కదా? నేను ఆరోగ్యంగానే ఉన్నాను. నన్ను వేరుగా పరీక్షించండి. ఆ మొత్తంలో నుంచి నన్ను తీసివేయండి. మిగిలేది హైమే!"

డాక్టర్ పేరిందేవి అతని వంక చూసి లేచింది. "అవును," అన్నది మెల్లగా. "అవును, తీసివేయవచ్చు. నీ ఒంట్లో మార్పేమీ లేకపోతే వచ్చేది ఆమె బేస్‌లైనే. చేయి చాపు."

ఆ ప్రాతఃకాలమంతా అతని భుజం నుంచి, వేళ్ల నుంచి, నాలుక నుంచి శాంపిళ్లు తీసింది. తాను తెచ్చిన పెద్ద యంత్రానికి వాటిని అప్పగించింది. కార్తికేయ భార్య చెవి దగ్గర వంగాడు.

"హైమా, నన్ను తీసివేస్తున్నారు. నువ్వొక్కదానివే మిగులుతావు."

"అదేం బాగుంది?" అన్నది ఆమె కళ్లు మూసుకునే. "నాకు నచ్చలేదు."

"నయమయ్యాక పోట్లాడుకుందాం. ఇంకా ఆఖరిదీవి చూడలేదు మనం. దక్షిణాన ఉన్నది. అక్కడ ఇసుక గులాబిరంగట."

"నా సంచీ నువ్వే మోయాలి."

"మోస్తాను."

"నన్ను కూడా."

"నిన్ను కూడా."

పోలమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నది. లోపల పెద్ద యంత్రం గుసగుసలాడి ఆగింది. డాక్టర్ పేరిందేవి తెరను చూసింది. ఎంతకూ తల ఎత్తలేదు.

"ఏం వచ్చింది?" అన్నాడు కార్తికేయ.

"ఏ మనిషిలోనూ ఉండజాలని అంకెలు వచ్చాయి. ఇలాంటి గుండె కొట్టుకోదు, ఇలాంటి కాలేయం బ్రతకదు. నీ దేహం ఆనాటిది కాదు నాయనా. ఏదో మారింది. ఈమధ్య నువ్వేమైనా మందు తీసుకున్నావా?"

"నేనా? నాకేం రోగమని?" అన్నాడు. అంతలోనే అతని నోటిలో ఆ పసుపుద్రవపు చేదు మళ్లీ ఊరినట్లయింది. చాప అంచున ఉన్న గిన్నె వంక చూశాడు. "తాను తాగనన్నది. నేను తాగితేనే తాగుతానన్నది. ప్రతిరోజూ సగం..."

డాక్టర్ పేరిందేవి కళ్లు మూసుకున్నది. ఆ లేని మనిషికై వండిన మందు, కొద్దికొద్దిగా, కార్తికేయను ఆ లేని మనిషిగా మలచింది. తీసివేయడానికి అతనిలో పూర్వపు కార్తికేయ మిగలలేదు.

"ఇంకొక ఉపాయం?" అన్నాడతడు.

ఆమె అతని తలపై చెయ్యి వేసింది.

హైమవతి మరునాటి అపరాహ్ణంలో, సముద్రం వెనక్కు తగ్గే పాటు వేళ, తుదిశ్వాస విడిచింది. కార్తికేయ ఆమె పెదవులకు చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. తనకు వినిపిస్తున్నది అలల చప్పుడని గ్రహించడానికి అతనికి ఎంతో సమయం పట్టింది.

దహనానికి కట్టెలు కూర్చవలసిందిగా చెప్పడానికి డాక్టరమ్మ ఒడ్డుకు వెళ్లింది. తన ఇంట్లో గంజి కాస్తున్న పోలమ్మకు ఇంకా ఏమీ తెలియదు. కుటీరంలో అతడూ ఆమే మిగిలారు. అప్పుడు మూలనున్న వైద్యమణి చిరుగంట మ్రోగించింది.

"నేటి పరీక్ష జరుగలేదు. దయచేసి వేలు ఉంచండి."

అతడు కదలలేదు. గంట పెద్దదయింది. ఇంకా పెద్దదయింది. హైమకు నిద్రాభంగమవుతుందన్న భ్రాంతి ఏదో అతని మనస్సును కమ్మింది. "ష్," అంటూ, ఆ చప్పుడు మానిపించడానికే, లేచి తన వేలిని గుంటలో పెట్టాడు.

యంత్రం ఒక లిప్తపాటు ఆలోచించింది. దాని చిత్రంలోని మనిషికీ ఎదుట ఉన్న ఈ నెత్తుటికీ ఈనాడు వెంట్రుకవాసి భేదం లేదు.

"అభినందనలు. జ్వరం పూర్తిగా తగ్గినది. దేహం సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నది. పగడపుజ్వరానికి ఔషధం లభించినది. ఫార్ములా నెట్‌వర్క్‌కు పంపబడినది."

కార్తికేయకు ఆ వాక్యాలలోని అర్థం తెలియడానికి ముందే ద్వీపమంతటా వైద్యమణులు ఒకదాని తరువాత ఒకటి మ్రోగాయి. ప్రతి ఇంటిలోనూ. అల్లంత దూరాన జనం కేరింతలు కొట్టారు. రేవులో కట్టివేసి ఉన్న పడవలు కూతలు పెట్టాయి.

డాక్టర్ పేరిందేవి ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చింది. జేబులోని పరికరం తీసి, రొప్పుతూ, నెట్‌వర్క్‌కు ఆజ్ఞ ఇచ్చింది: "ఫార్ములా రద్దు చెయ్యి. రోగి మరణించింది."

"మరణించిన రోగి పేరు తెలుపండి," అన్నది ఆ వైపు స్వరం.

"హైమవతి."

"ఆ పేరుతో రోగి ఎవరూ లేరు. ఫార్ములా పంపిన యంత్రానికి రోగి ఒక్కరే. ఇప్పుడే వేలు ఉంచారు. క్షేమంగా ఉన్నారు."

డాక్టర్ పేరిందేవి మళ్లీ చెప్పింది. తాను ఎవరో చెప్పింది. యంత్రాన్ని నిర్మించినవారిలో తానొకతెనని చెప్పింది. ఆ స్వరం అంతే మర్యాదతో అదే జవాబు ఇచ్చింది. ప్రాణమున్న వేలి కంటె గొప్ప సాక్ష్యం లేదని దానికి నేర్పినవారు వారే. ఆమె పరికరాన్ని పట్టుకొని, కనీసం ఈ ఒక్క ద్వీపంలోనైనా ఆపుదామని, కనిపించిన ప్రతి ఇంటివైపూ కేకలు వేస్తూ పరుగుతీసింది.

కార్తికేయ గుమ్మంలో నిలబడ్డాడు. దారిలో పోలమ్మ వస్తున్నది. రెండు చేతులా వేడి గంజికుండ పట్టుకుని, తలలో ఎక్కడిదో ఎర్రని పువ్వు తురుముకుని, నవ్వు ఆపుకోలేకుండా వస్తున్నది.

"బాబూ! మా మిషను మొగింది బాబూ! అమ్మ లెగిసిందంట గదా! మందు దొరికిపోనాదంట. మా సెల్లి ఇంట్లో కూడా కాస్తన్నారు, పిల్లకి జొరం. ఆ డాక్టరమ్మకి ఏటయింది, ఆపండి ఆపండి అని అరుత్తంది? సంతోసంతో మతి సెలించినట్టుంది ముసిల్దానికి."

"పోలమ్మా," అన్నాడతడు. "హైమ లేదు."

"ఎక్కడికెల్లింది? లెగిసిన ఎంటనే సముద్రం కాడికెల్లిపోనాదా? నాకు తెలుసు, ఆవిడ ఆగదు."

"పోయింది పోలమ్మా. చచ్చిపోయింది."

పోలమ్మ అతని ముఖంలోకి చూసింది. జాగారాలు చేసి చేసి కళ్లు గుంటలు పడిన మనిషిని చూసి తల్లివలె జాలిపడింది.

"నీకు నిద్దర్లేక ఏటేటో తోత్తంది బాబూ. మిషను అబద్దమాడదు. కూకో. ముందు అమ్మకి గంజి తాపించి వత్తాను, సల్లారిపోద్ది."

అతనిని మెల్లగా ప్రక్కకు జరిపి, హైమవతి పేరును ప్రేమగా పిలుస్తూ, పోలమ్మ లోపలికి వెళ్లింది.