ఇతరాలు: ఒకటి

సముద్రం నీళ్ళు ఒక చెంచాడు తీసి చూడండి. ఏముంటుంది, ఉప్పు తప్ప? అలా అనుకునేవాళ్ళే లోకంలో ఎక్కువ. ఆమె మాత్రం పదకొండేళ్ళుగా ఆ చెంచాడు నీళ్ళలో ఎవరెవరు కాపురం ఉంటున్నారో లెక్కపెడుతూనే ఉంది. రేవులో పడవవాళ్ళు ఆమెకి లెక్కలక్క అని పేరు పెట్టారు. మొదట్లో వెక్కిరింపుకే పెట్టారు గానీ, అనగా అనగా అదే ఖాయమైపోయింది.

పని చెప్పడానికి సులువే. నెలకోసారి, ఒకే తారీఖున, ఒడ్డుకి దూరంగా తేలుతుండే ఎర్ర పీపా దగ్గరికి పడవలో వెళ్ళాలి. అక్కడ రెండు సీసాలు నింపాలి. ఒకదాంట్లో ఊరికే ముంచిన నీళ్ళు, రెండోదాంట్లో సన్నటి వలతో వడకట్టిన నీళ్ళు. కాస్త అయోడిన్ పోస్తే నీళ్ళు టీ రంగుకి తిరిగి, అందులో ఉన్న ప్రాణులన్నీ చచ్చి మెల్లగా అడుక్కి చేరతాయి. మర్నాడు ఆ అడుగు నీళ్ళు కాసిన్ని తీసి, వెయ్యి గళ్ళు గీసిన గాజు పలక మీద పోసి, మైక్రోస్కోపు కింద గడి తర్వాత గడి చూసుకుంటూ పోవాలి. పక్కన నాలుగు మీటల కౌంటరు ఉంటుంది. గాజు గూళ్ళలో బతికే డయాటమ్‌లకి ఒక మీట, తోకలున్న డైనోలకి ఒకటి, రొయ్య పిల్లల్లాంటి కోపిపాడ్‌లకి ఒకటి. ఏ జాతికీ చెందనివాటికి నాలుగోది. దాని మీద 'ఇతరాలు' అని చీటీ అంటించి ఉంటుంది. ఏ మీట నొక్కినా టిక్ మని దాని పైన అంకె ఒకటి పెరుగుతుంది.

కంటికి ఆనని ప్రాణులే గానీ, వీటికీ కాలాలున్నాయి. ఎండాకాలంలో నీళ్ళు తేటగా ఉంటాయి, గళ్ళన్నీ ఖాళీ. తొలి వానలకి ఏటి బురద వచ్చి సముద్రంలో కలవగానే డయాటమ్‌లు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి, నీళ్ళు పచ్చబడతాయి. ఆ కబురు ఎవరు చెబుతారో ఏమో, రెండు మూడు వారాల్లో కోపిపాడ్‌లు ఆకలి మీదున్న చుట్టాల్లా దిగబడి వాటిని ఊడ్చిపెట్టేస్తాయి. ఆ తర్వాత అవీ పల్చబడతాయి. ఏ నెలలో ఎవరుంటారో, ఎవరు పోతారో ఆమెకి సొంత ఇంటి సంగతంత బాగా తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాన. నాలుగింటికే మబ్బు కమ్మేసి చీకటి పడ్డట్టయింది. ల్యాబులో అందరూ ఒక్కొక్కరే గొడుగులు తీసుకుని జారుకున్నారు. పెద్దసారు తలుపు దగ్గర ఆగి, "రేపు చూసుకోవచ్చులేమ్మా," అన్నాడు.

"మొదలుపెట్టేశాను సార్," అంది ఆమె.

మొదలుపెట్టలేదు. ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు, అంతే. తమ్ముడు పోయి నిన్నటికి ఏడాది. అమ్మ నిన్నటి నుంచీ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆ మొహంలోకి చూడటం ఆమె వల్ల కావడం లేదు.

మైక్రోస్కోపు దీపం వేసి, స్టాండులోంచి సీసాలు తీయబోయింది. చెయ్యి ఆగిపోయింది.

మూడు సీసాలున్నాయి.

నిన్న నింపినవి రెండు. తన చేత్తోనే నింపి, తన చేత్తోనే మూత బిగించి, తన చేత్తోనే ఇక్కడ పెట్టింది. పడవ నడిపిన పెద్దాయనకి ఫోను చేసింది.

"బాబాయ్, నిన్న మనం సీసాలు ఎన్ని తెచ్చాం?"

"రెండేగా అమ్మాయ్. లెక్కలక్కవి నువ్వే నన్నడిగితే ఎలా?" అని నవ్వాడాయన. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒకటి చెప్పనా? తిరిగొచ్చేటప్పుడు పడవ బరువుగా లాగింది. మనిద్దరమేగా ఉన్నది. నువ్వు అసలే దిగులుగా ఉన్నావు, చెబితే భయపడతావని ఊరుకున్నాను."

ఆమె ఫోను పెట్టేసి మూడో సీసా వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. టీ రంగు నీళ్ళు, అడుగున వేలెడు మడ్డి. లోపల చీటీ ఉంది. ఎప్పుడు, ఎక్కడ నింపారో చీటీ మీద రాసి సీసాలోనే వేస్తారు. పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా నీళ్ళలో కరిగిపోతుంది. ల్యాబులో చేరిన మొదటి రోజే నేర్పే పాఠం అది. ఈ చీటీ మీద అక్షరాలు లేవు. నీలం మరక మాత్రం ఉంది.

ఆమె స్టూలు లాక్కుని కూలబడింది.

పోయినేడు ఇదే నెలలో ఆమెకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. శాంపిలుకి ఇద్దరు లేకుండా సముద్రం మీదికి వెళ్ళకూడదని ల్యాబులో రూలు. పడవ తమ్ముడిదే. "గాలి బాగాలేదక్కా, రెండు రోజులాగి వెళ్దాం," అన్నాడు. తారీఖు తప్పితే పదేళ్ళ వరస తెగిపోతుందని ఆమె పట్టుబట్టింది. మంచం మీద నుంచే చీటీ రాసి ఇచ్చింది, చేతికి అందిన పెన్నుతో. వాడు దాన్ని చూసి, "జ్వరం తలకెక్కింది నీకు. పెన్నుతో రాశావ్," అని నవ్వి జేబులో పెట్టుకున్నాడు. అక్క మాట తీసెయ్యలేక ఒక్కడే వెళ్ళాడు.

మూడో రోజు పడవ దొరికింది. వాడు దొరకలేదు. వలా లేదు, సీసాలూ లేవు.

అమ్మ అడిగింది, ఆ గాలిలో వాడెందుకు వెళ్ళాడని. నేనే పంపానని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. "పొద్దున్నే వెళ్ళొచ్చి సీసా నాకిచ్చేశాడమ్మా. చేపలకని మళ్ళీ వెళ్ళాడు," అంది. అంతే, ఆ మాట పట్టుకుని అమ్మ ఏడాదిగా చచ్చినవాణ్ణే తిడుతోంది. సీసా ఇచ్చి ఇంటికి రాకుండా మళ్ళీ ఎందుకెళ్ళాడే వెధవ, అంటుంది. అన్నం ముందు కూర్చుని అదే మాట, పడుకోబోతూ అదే మాట. విన్న ప్రతిసారీ ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నిజం చెబితే తనకి మిగిలిన అమ్మ కూడా తనకి ఉండదేమోనని భయం.

సీసా ఇచ్చాడన్నాక ల్యాబులో లెక్క చూపించాలి కదా. అంతకు ముందేటి వరస చూసి, నోటికొచ్చిన అంకెలు వేసేసింది. డయాటమ్‌లు నాలుగొందల పన్నెండు. డైనోలు తొంభై ఆరు. కోపిపాడ్‌లు ముప్పై ఏడు. ఇతరాలు ఒకటి. లెక్కయ్యాక నీళ్ళు పారబోశానంది. ఎవరూ అడగలేదు.

ఆ ఒకటి ఎందుకు వేసిందో ఆమెకి తెలుసు. ప్రతి నెలా ఆమె లెక్కపెడుతుంటే తమ్ముడు వెనక నుంచి పిల్లిలా వచ్చి, నాలుగో మీట ఒకసారి నొక్కి పారిపోయేవాడు. "నన్ను కూడా లెక్కలో వేసుకోవే అక్కా," అనేవాడు. ఆమె తిట్టిపోసేది. ఆ అంకె వేసేటప్పుడు చెయ్యి దానంతటదే కదిలింది.

ఇప్పుడు ఈ సీసా.

పారబోసెయ్యొచ్చు. కానీ ఇది నిజంగా వాడు నింపిందే అయితే వాడు పీపా దాకా వెళ్ళాడన్నమాట. ఆ దొంగ అంకెలు కొట్టేసి వాడి అంకెలు రాయొచ్చు. వాడి కోసం చెయ్యడానికి ఆ ఒక్కటే మిగిలింది. మూత తిప్పింది. అయోడిన్ వాసన వెనకే ఇంకో వాసన వచ్చింది. డీజిలు, తడిసిన తాడు. వాడి చొక్కా వాసన.

పలక మీద నీళ్ళు పోసి, అద్దానికి కన్ను ఆనించింది.

మొదటి వరసలోనే అనుమానం వచ్చింది. అన్నీ డయాటమ్‌లే, గొలుసులు గొలుసులుగా. ఈ ఏడు వానలు ముందే పడ్డాయి, వాటి కాలం అయిపోయింది. కాబట్టి ఇవి నిన్నటి నీళ్ళు కావు. మరి పోయినేటివా? పోయినేడు వానలు ఆలస్యం. ఈ నెలకి నీళ్ళు ఇంకా పచ్చబడనే లేదని తర్వాత రేవులో అందరూ చెప్పుకున్నారు. ఆమె జ్వరంలో అదేమీ ఆలోచించకుండా అంకెలు వేసింది.

టిక్. టిక్. టిక్.

బయట వాన జోరు పెరిగింది. నడవాలో కుళాయి ఎవరో సరిగ్గా కట్టెయ్యలేదు, చుక్కలు పడుతున్నాయి. లేచి వెళ్ళి కట్టేద్దామనుకుంది. లెక్క మధ్యలో లేవకూడదు. లేస్తే మళ్ళీ మొదటి గడి నుంచి మొదలుపెట్టాలి.

ఐదొందల గళ్ళు... ఆరొందలు...

ఏడొందలో గడి దగ్గర కోపిపాడ్‌ల అంకె చూసింది. ముప్పై ఏడు. ఆ తర్వాత ఎంత వెతికినా ఒక్క కోపిపాడ్ లేదు. ఎనిమిదొందలు దాటాక డైనోలు ఆగిపోయాయి. అంకె చూడటానికి భయమేసింది. చూసింది.

తొంభై ఆరు.

చెమట కంట్లోకి కారింది. తుడుచుకోలేదు. డయాటమ్‌లు మిగిలాయి. నాలుగొందల తొమ్మిది... పది... పదకొండు...

పన్నెండు.

ఆ తర్వాత గళ్ళు ఖాళీ. ఒకటి కాదు, రెండు కాదు. వరసంతా ఖాళీ.

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఇవి నిన్నటి నీళ్ళు కావు, పోయినేటివీ కావు. ఇలాంటి నీళ్ళు ఏ సముద్రంలోనూ లేవు. ఆమె ఆడిన అబద్ధాన్ని ఎవరో సీసాలో పట్టి తెచ్చారు. అంకె కూడా తప్పకుండా.

అంటే ఇంకా ఒకటి ఉండాలి. ఇతరాలు.

ఆఖరి వరస. పది గళ్ళు... ఆరు... మూడు. ఒక్క గడి మిగిలింది. పలక జరపడానికి మర మీద వేళ్ళు పెట్టింది. వేళ్ళు కదలనన్నాయి.

నడవాలో కుళాయి చప్పుడు ఆగింది.

అప్పుడే ఫోను మోగింది. అమ్మ.

"ఇంకా ఎంతసేపే?" అంది అమ్మ. ఏడాదిగా వినని గొంతు అది. తేలిగ్గా ఉంది. "తమ్ముడొచ్చాడు. సీసా నీకిచ్చేశాట్టగా."

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నువ్వు చెప్పినట్టే చెప్పాడు. సీసా ఇచ్చేశాను, మళ్ళీ వెళ్తున్నా అన్నాడు. ఒళ్ళంతా తడి. తుండు ఇస్తే తుడుచుకోడే..."

"అమ్మా." ఏడుపు తన్నుకొచ్చింది. ఇక దాచలేకపోయింది. "అమ్మా, నేను అబద్ధం చెప్పాను. వాడు సీసా ఇవ్వలేదు. మళ్ళీ వెళ్ళలేదు. గాలి బాగాలేదన్నా వినకుండా నేనే పంపించాను. ఒక్కణ్ణే..."

"తెలుసులేవే," అంది అమ్మ మెల్లగా. "ఇప్పుడే చెప్పాడు. చీటీ పెన్నుతో రాశావట. తలుచుకుని ఒకటే నవ్వు."

"అమ్మా... వాడు... అక్కడే ఉన్నాడా?"

"లేడే. ఇందాకే బయల్దేరాడు. ఈ వానలో ఒక్కదానివీ ఎలా వస్తావని, నిన్ను తీసుకురమ్మని నేనే పంపించాను."

ఫోను చేతిలోంచి జారి ఒళ్ళో పడింది. అమ్మ ఇంకా ఏదో మాట్లాడుతూనే ఉంది. నడవాలో అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఏమీ లేదు. వాన... వాన ఒక్కటే.

ఏం చేస్తోందో తెలియకుండానే మర తిప్పి, ఆఖరి గడిలోకి చూసింది.

ఖాళీ.

మళ్ళీ చూసింది. ఏమీ లేదు, తేట నీళ్ళు తప్ప. కౌంటరు వైపు చూసింది. నాలుగొందల పన్నెండు, తొంభై ఆరు, ముప్పై ఏడు. నాలుగో మీట పైన సున్నా. ఆ ఒక్క అంకె కలవలేదు. బిగపట్టిన ఊపిరి వదిలింది. కళ్ళు మూసుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా ముడుచుకుంది. తడిసిన తాడు వాసన వస్తోంది. సీసా మూత పెట్టలేదు కదా, అందుకే అనుకుంది.

టిక్.

కళ్ళు తెరిచింది. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నాలుగో మీట తడిగా ఉంది. సున్నా ఉన్నచోట ఒకటి ఉంది.