చేరని, చేరిన

చీకటి పడ్డాక ఆ ఈతకొలను మీదుగా పోవాల్సొస్తే జనం రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాళ్ళు. కుక్కలు కూడా ఆ గోడ దగ్గర కాలెత్తవని ఒక మాట.

నీళ్ళు తీసేసి ఏళ్ళయింది. గేటుకి తాళం, తాళానికి తుప్పు. అయినా రాత్రిపూట లోపల్నుంచి ఎవరో సన్నగా కూనిరాగం తీస్తారని... ఒకరు విన్నారు, పదిమంది చెప్పారు. ఎప్పుడో ఈత పందెంలో ఒక పిల్ల దూకిందట. అందరితో పాటే దూకిందట — అవతలి గట్టు చేరలేదట. అంతకు మించి ఎవరికీ తెలీదు. తెలీని చోటే కదా, దెయ్యం కాపురం పెట్టేది!

అలాంటి చోట పాటలు సాధన చేద్దామని పెళ్ళాం పిల్లలున్న ముగ్గురు మగాళ్ళకి బుద్ధి పుట్టింది.

ఒకప్పుడు ముగ్గురు మనుషుల బ్యాండొకటి ఉండేది. బాగా పేరొచ్చింది, తర్వాత ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఆ పాటల్ని అచ్చు రికార్డులో ఉన్నట్టే వాయించి పాడే సరదా బ్యాండు వీళ్ళది. సొంత పాట ఒక్కటీ లేదు. రికార్డులో గాయకుడు దగ్గితే వీళ్ళూ అక్కడే దగ్గుతారు, అంత భక్తి.

బేకరీ ఆయన డ్రమ్ములు. అద్దాలు బిగించే కుర్రాడు గిటారు. ఇక బేస్ వాయిస్తూ పాడేది ఆ కుర్రాడి బావ — కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. గొంతు విని అందరూ బొంగురాయన అంటారు.

బేస్ అంటే నాలుగు లావు తీగలు. ఉన్నంతసేపూ ఎవరికీ వినపడదు, ఆగితే మాత్రం పాట కింద నేల జారిపోతుంది. దాన్ని వాయిస్తూ పాడటమంటే — చెయ్యి ఒక దారిన పోతుంటే గొంతు ఇంకో దారిన పోవాలి. రెండింటికీ మధ్య మనిషి నలిగిపోవాలి.

ఎండిపోయిన కొలను ఎందుకంటే, ఇళ్ళల్లో వాయిస్తే పక్కింటివాళ్ళు తలుపులు బాదుతున్నారు. పైగా రికార్డులో ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. కొలను అడుగున నిలబడి పాడి చూస్తే... అచ్చం అదే! బేకరీ ఆయన పెదనాన్న ఒకప్పుడు అక్కడ కాపలాదారు. తాళంచెవి ఇంకా వాళ్ళింట్లో మేకుకి వేలాడుతోంది.

"దెయ్యం ఉందటగా?" అన్నాడు బావమరిది.

"మన పాట వింటే అదే ఇల్లు ఖాళీ చేస్తుందిలే," అన్నాడు బేకరీ ఆయన.

బొంగురాయన నవ్వలేదు. ఆయన భయం దెయ్యం గురించి కాదు. భార్యది ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ. తను సాధనకి వస్తే ఇంట్లో కూతురు ఒక్కతే. ఎనిమిదో తరగతి. తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూసే రకం మనిషి ఆయన. కూతురికేమన్నా అయితే ఈ పాటలూ వద్దు, ఈ బ్యాండూ వద్దు. అందుకే సగంలో ఆపి, కొలనులో మాట గింగురుమంటుందని పైకెక్కి, గేటు బయట నిలబడి ఫోన్ చేసేవాడు.

"తలుపు వేసుకున్నావా తల్లీ?"

"వేసుకున్నా నాన్నా. చదువుకుంటున్నా."

"గడియ?"

"పెట్టా నాన్నా... ఎన్నిసార్లడుగుతావ్!"

అలా బానే నడిచింది. శనివారం ప్రోగ్రాం దగ్గర పడింది.

సాధన అయ్యాక ఫోన్లో రికార్డు చేసుకున్నది ఇంటికెళ్ళి వినడం బొంగురాయన అలవాటు. ఆ రాత్రి పడవ పాట వింటున్నాడు. ఆ పాట అంటేనే ఆయనకి గుబులు. పల్లవి దగ్గర గొంతు పైకెళ్ళాలి, వేళ్ళు కిందికి దిగాలి. అక్కడే తడబడతాడు.

"గట్టు చేరని పడవనమ్మా..."

తన గొంతు. దాని వెనక —

ఇంకో గొంతు.

మళ్ళీ వెనక్కి తిప్పాడు. చెవికి ఆనించాడు. సన్నగా, ఎక్కడో అడుగునుంచి... తనతో పాటే పాడుతోంది. తను తడబడిన చోట అది తడబడలేదు. కానీ ఒక్క మాట తప్పు.

"గట్టు చేరిన పడవనమ్మా..."

చేరని కాదు. చేరిన.

బొంగురాయన లేచి కూర్చున్నాడు. ఆ తప్పు ఆయనకి తెలుసు! కూతురు మాటలు నేర్చే వయసులో ఆ పాట అలాగే పాడేది. "చేరిన కాదే పిచ్చిదానా, చేరని" అంటే ఒప్పుకునేది కాదు. "చేరింది నాన్నా, పడవ చేరింది!" అని ఏడుపు లంకించుకునేది. ఇంట్లో అదో పెద్ద వేళాకోళం. ఇంట్లోవాళ్ళకి తప్ప బయట పురుగుకి కూడా తెలీదు.

ఇంట్లోవాళ్ళకి... ఇంట్లోవాడే ఒకడు బ్యాండులో ఉన్నాడు.

పోయిన వారమే కదా వాడన్నది — "బావా, పడవ పాట నేను పాడతా, నువ్వు వాయించుకో. రెండూ అంటే నీకు కష్టంగా ఉంది." ఎంత ప్రేమ! అప్పుడే అనుమానం రావాల్సింది. మైకు మీద కన్ను పడింది వీడికి. సన్నగా గొంతు మార్చి పాడి, తనని బెదరగొట్టి...

తర్వాతి సాధనకి బొంగురాయన, బావమరిది మైకుని మెట్ల దాకా జరిపించాడు. రికార్డు చేసి ఇంటికెళ్ళి విన్నాడు.

"...చేరిన పడవనమ్మా..."

మైకు దగ్గర లేకపోయినా వినపడుతోంది. అంటే మైకు లేకుండా ఉత్త నోటితోనే పాడుతున్నాడన్నమాట. ఎంతకి తెగించాడు!

మర్నాడు బావమరిదిని బేకరీలోనే పట్టుకుని నిలదీశాడు.

"వెనకనుంచి పాడేది నువ్వేనా?"

"ఏం పాడాను?"

"చేరిన అని. ఆ మాట నీకు తప్ప ఎవడికి తెలుసు?"

బావమరిది మొహం ఎర్రబడింది. "మా అక్కని చేసుకున్నావని ఊరుకుంటున్నా. నీ పాట నాకెందుకు బావా? నీ గొంతుకి దెయ్యమే తోడు రావాలి గానీ మనిషి రాడు."

బేకరీ ఆయన పిండి చేతులతో ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "శనివారం ప్రోగ్రాం పెట్టుకుని ఈ గోలేంటయ్యా! తేల్చేద్దాం. గొంతు ఎటునుంచి వస్తోంది?"

"లోతు వైపునుంచి."

"సరే. లోతు వైపు నేలంతా మైదా పిండి చల్లుతా. మనిషైతే అడుగు పడుతుంది. దెయ్యమైతే... మన ఖర్మ."

ఆ రాత్రి బావమరిది మూతికి తువ్వాలు బిగించి కట్టుకుని వచ్చాడు. వచ్చినవాడు పలకరిస్తే పలకడు. తువ్వాలు వైపు వేలు చూపిస్తాడు. గిటారు మాత్రం కసిగా వాయించాడు.

బేకరీ ఆయన లోతు వైపు గోడ దాకా తెల్లగా పిండి జల్లెడ పట్టి వచ్చి, డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. తక్కువ లోతున్న ఇటు చివర ఒకే ఒక్క బల్బు. అటు చివర చీకటి.

పడవ పాట మొదలైంది.

పల్లవి వచ్చింది. బొంగురాయన గొంతు ఎత్తాడు. చెవులు మాత్రం వెనక్కి పెట్టాడు.

"గట్టు చేరని..."

"...చేరిన..."

ఈసారి రికార్డులో కాదు. ఎదురుగానే.

బావమరిది కళ్ళు పెద్దవయ్యాయి. మూతికి తువ్వాలు అలాగే ఉంది. డ్రమ్ములు ఆగిపోయాయి. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు... ముగ్గురిలో ఒక్కరూ పాడటం లేదు. నాలుగో గొంతు ఆ పాదాన్ని తీరిగ్గా పూర్తి చేసి ఆగింది.

బేకరీ ఆయన టార్చి వేశాడు.

పిండిలో అడుగులు. చిన్నవి. ఉత్త కాళ్ళవి. చీకట్లోకి పోతున్నాయి. తిరిగొచ్చిన అడుగు ఒక్కటీ లేదు.

"అమ్మో," అని ఒక్క మాటే అన్నాడు బేకరీ ఆయన. టార్చి పారేసి నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. అంత లావు మనిషి అంత చురుగ్గా కదలడం ఎవరూ చూసుండరు.

బొంగురాయనకి మాత్రం ఆ అడుగుల సైజు గుండెల్లో గుచ్చుకుంది. పిల్ల పాదాలు. ఇంట్లో ఒంటరిగా తన పిల్ల... పైకెక్కి గేటు దాకా పోయే ఓపిక లేదు. ఉన్నచోటే ఫోన్ తీసి చేశాడు.

మోగింది. ఎత్తింది.

"నాన్నా..." గుసగుసగా.

"ఎక్కడున్నావ్?"

"ఇంట్లో."

కానీ ఆమె మాట వెనక ఏదో చప్పుడు. గూఁ... అని. ఎక్కడో విన్న చప్పుడు. రోజూ వినే చప్పుడు.

భుజానికున్న బేస్ లావు తీగ ఇంకా మోగుతూనే ఉంది. బొంగురాయన దానిమీద అరచెయ్యి ఆనించాడు.

ఫోన్లో చప్పుడు ఆగిపోయింది.

వేలితో ఒక్కసారి మీటాడు. దుమ్... ఫోన్లో కూడా — దుమ్.

"ఇక్కడే ఉంది రా!" అని అరిచాడు.

తువ్వాలు ఊడదీసి పారేసి బావమరిది ముందు పరిగెత్తాడు. పైకెక్కి, కొలను చుట్టూ తిరిగి, లోతు వైపు గోడ వెనక ఉన్న పంపుల గది దగ్గరికి. తలుపుకి గొళ్ళెం లేదు. తోస్తే తెరుచుకుంది.

పాత పంపుల మధ్య, దుప్పటి పరుచుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని — కూతురు. కొలనులోంచి నీళ్ళు ఇటు లాగే పెద్ద ఇనప జాలీ పక్కనే కూర్చుని ఉంది. జాలీలోంచి అటు చూస్తే ఆ చివర బల్బు కింద డ్రమ్ములు కనిపిస్తున్నాయి.

బొంగురాయన ముందు తిట్టాలనుకున్నాడు. కానీ దగ్గరికి లాక్కుని తల నిమిరి, చేతులు తడిమి, జ్వరముందేమో అని నుదురు కూడా ముట్టుకుని చూశాడు.

"ఎందుకొచ్చావే?"

"ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే భయం నాన్నా."

"చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు పాడటం మానేస్తావ్." ముక్కు చీదుకుంది. "నువ్వు బయల్దేరిన కాసేపటికి నేనూ సైకిలేసుకుని వచ్చేదాన్ని. నువ్వు సర్దుకునేలోపు వెళ్ళిపోయేదాన్ని."

"ఈ చీకటి కొంపలో మాత్రం భయం లేదా?"

"ఇక్కడ నీ గొంతు వినిపిస్తుంది కదా."

బొంగురాయన ఆమె పక్కనే కింద కూర్చున్నాడు. గడియ పెట్టావా అని అన్నిసార్లు అడిగాడు. భయమేస్తోందా అని ఒక్కసారీ అడగలేదు.

తర్వాత బావమరిది వైపు తిరిగాడు. "నిన్ను అనవసరంగా..."

"పడవ పాట నాకిచ్చెయ్, చెల్లు," అన్నాడు బావమరిది. ముగ్గురూ నవ్వారు. పైన గేటు అవతలనుంచి, "బతికే ఉన్నారా?" అని బేకరీ ఆయన కేక.

దుప్పటి మడిచారు. పుస్తకం సంచిలో పెట్టారు. బరువు దిగిన మనిషికి పరాచకం పుడుతుంది. బొంగురాయన కూతురి జడ లాగాడు.

"అయినా ఇంత పెరిగావ్... ఇంకా చేరిన అనే పాడతావేంటే?"

"నేనా? నేనసలు పైకి పాడనే పాడను నాన్నా. నువ్వు వింటే దొరికిపోనూ?" అంది కూతురు. "ఆ పాడేది ఆ పిల్ల."

"ఏ పిల్ల?"

"జాలీకి అవతల కూర్చుంటుంది కదా. ఇక్కడ కాపలా వాళ్ళ పిల్లేమో అనుకున్నా. చేరిన కాదు, చేరని అని నేనూ చెప్పాను. వినదే! 'చేరాను, చేత్తో ముట్టుకున్నాను కూడా, వాళ్ళే చూళ్ళేదు' అంటుంది."

బావమరిది నవ్వు ఆగిపోయింది.

బొంగురాయన కూతురి కాళ్ళకేసి చూశాడు. బూట్లు. లేసులు బిగించి కట్టి ఉన్నాయి. పిండి రేణువు కూడా అంటలేదు.

ఆయన ఒక చేత్తో కూతుర్ని గట్టిగా పట్టుకున్నాడు. ఇంకో చేత్తో ఫోన్ లైటు వేసి, జాలీలోంచి అటువైపు కిందికి వంచాడు.

పిండిలో చిన్న అడుగులు గోడ దాకా వచ్చి ఆగి ఉన్నాయి.

అడుగుల పైన, గోడకి... తెల్లగా, ఐదు వేళ్ళూ విడివిడిగా, ఒక చిన్న అరచెయ్యి.