ఊహించి రాసిన మాట

మా శాఖలో పరీక్ష అంటే పెద్ద హడావిడి ఏమీ ఉండదు. మూడో అంతస్తు చివర, పాత మ్యాపులు చుట్టలు చుట్టి పెట్టిన గది ఒకటి ఉంది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ. తలుపు దగ్గర స్టూలు మీద అటెండరు తాతయ్య. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు పరీక్ష రాయాల్సింది నేనొక్కదాన్నే. మిగతా వాళ్ళంతా మొదటిసారికే గట్టెక్కేశారు. నాది మూడోసారి. ఇదీ తప్పితే పేరు కొట్టేస్తారు, నాలుగోసారి అనేది లేదు.

నేను చదివేది రెండు వేల ఏళ్ళ కిందటే జనం మాట్లాడటం మానేసిన భాష. "చచ్చిన భాష చదివి ఎలా బతుకుతావే?" అని మా పిన్ని ఎగతాళి చేసేది. అక్క మాత్రం "దానికి ఇష్టమైంది, చదవనివ్వండి" అని అందరి నోళ్ళూ మూయించింది. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అక్కే. ఇక్కడికి ఒక పగలంతా రైలు ప్రయాణం దూరంలో, ఓ ఇంటి పైఅంతస్తు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆ ఉదయమే ఫోన్ చేసింది.

"ఎడమ బొటనవేల్లో సూది దిగిందే బుజ్జీ. గుడ్డ కట్టుకుని కుడుతున్నా. నువ్వు మాత్రం బాగా రాయి. ఈసారి కూడా పోయిందంటే పిన్నికి నా మొహం ఎలా చూపించను?"

నవ్వుతూనే అంది. నవ్వుతూ అంది కాబట్టే నాకు ముద్ద దిగలేదు.

మా పరీక్ష తీరు ఇది. అంతకుముందు ఎప్పుడూ చూడని పాఠం ఒక పేజీ ఇస్తారు. నిఘంటువు లేకుండా రెండు గంటల్లో దాన్ని మన మాటల్లోకి మార్చాలి. మా మేడమ్ మొదటి రోజు నుంచీ నూరిపోసిన సూత్రం ఒకటే: ఖాళీ వదలొద్దు. తెలియని మాట తగిలితే చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించి రాయండి, ఖాళీకి సున్నా, ఊహకు సగం మార్కులు. ఆ సూత్రం పట్టుకునే మా శాఖలో సగం మంది పాసయ్యారు.

తాతయ్య నా ఫోను తీసుకుని సొరుగులో పెట్టి, ప్రశ్నపత్రం ఇచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. బయట ముసురు పట్టింది. గదిలో పాత కాగితాల వాసన.

మొదటి వాక్యం తేలికగానే వచ్చింది. 'ఒక స్త్రీ కిటికీ పక్కన కూర్చుని పని చేసుకుంటోంది.' రెండోది: 'ఆమె పాదం ఆడిస్తుంటే చక్రం తిరుగుతోంది.' రాట్నం అనుకున్నాను. మూడోది: 'ఇనుప సూది దానంతట అదే దిగుతోంది, లేస్తోంది.' రాట్నానికి సూది ఎక్కడిది? బుర్ర గోక్కున్నాను. ఏదో తప్పు చదివానని మళ్ళీ చదివాను. తప్పు లేదు.

నాలుగో వాక్యం రాశాక పెన్ను దానికదే ఆగిపోయింది. 'ఆమె ఎడమచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.'

కాకతాళీయం అనుకున్నాను. ఏ కాలంలోనైనా కుట్టేవాళ్ళకు సూదులు గుచ్చుకోవా? మనసుకి అలా సర్దిచెప్పుకుంటూ ఉండగా గదిలో ఏదో వాసన వచ్చింది. కాగితాల వాసన కాదు. మిషను నూనె వాసన. చిన్నప్పుడు నేను పక్కమీద పడుకుని ఉంటే అక్క మిషను నుంచి వచ్చేదే.

అయిదో వాక్యంలో ఒక మాట నాకు తెలియలేదు. 'ఒక ... మెట్లు ఎక్కుతున్నాడు.' ఎవరు ఎక్కుతున్నారో ఆ మాటే చెప్పాలి. మూడేళ్ళలో ఎక్కడా తగల్లేదు. తల పట్టుకుని ఆలోచించాను. కుట్టుపని చేసే ఆవిడ. మెట్లు ఎక్కి ఆమె దగ్గరికి ఎవరు వస్తారు? 'బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాడు' అని రాశాను. పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మాట పూర్తవగానే చప్పుడు మొదలైంది. చెక్క మెట్టు మీద అడుగు పడిన చప్పుడు. మా భవనంలో చెక్క మెట్లు లేవు.

"తాతయ్యా, ఎవరో వస్తున్నారా?"

"ఎవరూ లేరమ్మా. నువ్వు రాసుకో."

రాశాను. ఒక్కో మాటకు ఒక్కో అడుగు. పెన్ను ఆపాను. అడుగు ఆగింది. పెన్ను ఆనించాను... మళ్ళీ అడుగు. అక్కడితో ఆపేసి ఉంటే ఎలా ఉండేదో. కానీ పాఠం సగంలో వదిలితే దిద్దకుండానే పక్కన పడేస్తారు. అక్క కళ్ళు పోయేలా కుట్టిన ఇన్నేళ్ళ కుట్టు గుర్తొచ్చింది. భయానికి మార్కులు వేయరు కదా అనుకుని, బుద్ధి గడ్డి తిని, రాస్తూనే పోయాను.

'తలుపు నీలం రంగుది. లోపల దానికి అడ్డంగా కుర్చీ ఉంది.'

ఇంక సర్దిచెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అది అక్క తలుపే. ఒంటరిగా ఉంటుంది కాబట్టి అలా కుర్చీ అడ్డం పెట్టుకుంటుంది. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ తీయదు.

నేనే వాణ్ణి అలా రాశాను... కుట్టించుకోవడానికి వచ్చినవాడు అని.

'అతను తలుపు తట్టాడు.' ఈ వాక్యం నేనింకా రాయలేదు. చదివానంతే. అయినా చప్పుడు వచ్చింది. టక్... టక్... పెన్ను ఎత్తేసినా ఆగలేదు. దాని వెనకే కుట్టుమిషను చప్పుడు వినిపించి, నెమ్మదించింది. అక్క పాదం తీసేసింది.

లేచి తలుపు దగ్గరికి పరిగెత్తాను. "తాతయ్యా, ఫోను ఇవ్వు. ఒక్క నిమిషం. మా అక్కతో మాట్లాడాలి."

"కుదరదమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "పేపరు ఇచ్చేసి తీసుకో. ముందే ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

"నీకు వినపడటం లేదా?"

"ఏంటమ్మా?"

టక్... టక్... టక్...

బల్ల దగ్గరికొచ్చాను. తట్టిన వాక్యం రాసేశాక ఒక్క వాక్యమే మిగిలింది. దాన్లో తెలియని మాట ఒక్కటీ లేదు. మొదటి ఏడాది పిల్లలు కూడా మార్చగలరు. 'స్త్రీ లేచి, కుర్చీ జరిపి, తలుపు తీసింది.'

ఇలాగే వదిలేస్తే వాడు అక్కడే నిలబడి తడుతూనే ఉంటాడు. అక్క ఎంతసేపని ఊరుకుంటుంది? ఉన్నది ఉన్నట్టు రాస్తే... నా చేత్తో నేనే తీసినట్టు. మూడేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాను. లేనిది రాశాను. 'వచ్చినవాడు వెనక్కి తిరిగి, మెట్లు దిగి, వెళ్ళిపోయాడు.' కావాలని కల్పించి రాస్తే మా శాఖలో క్షమించరు. పరీక్ష పోయినట్టేనని తెలుసు. పోతే పోయింది.

తట్టడం ఆగింది. అడుగులు దిగుతూ, దిగుతూ, వినపడకుండా పోయాయి. నూనె వాసన కూడా పోయింది.

పేపరు తాతయ్య చేతిలో పెట్టి ఫోను లాక్కున్నాను. అక్క వెంటనే ఎత్తింది.

"ఎలా రాశావే?"

"అక్కా... ఎవరైనా వచ్చారా?"

"నీకెలా తెలుసు? ఎవడో వచ్చి తెగ తట్టాడు. సరేలే అని లేచి కుర్చీ మీద చెయ్యి వేశానో లేదో, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. బేరం పోయింది."

మెట్ల మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను. పరీక్ష పోయిందని ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు. తలుపు ఎవరికీ తీయకని మాత్రం ఒట్టు వేయించుకున్నాను. "పిచ్చిదానా, తలుపు తీయకపోతే తినేదేంటి?" అని పెట్టేసింది.

అయిదున్నరకు మేడమ్ పిలిపించారు. వెళ్ళేసరికి నా పేపరు ఆవిడ ముందే ఉంది.

"కూర్చో అమ్మాయ్. చివరి వాక్యం ఏంటలా రాశావ్? అది నీకు రాదంటే నేను నమ్మను."

నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

"కంగారుపడి ఉంటావులే. ఆ ఒక్క వాక్యానికి నిన్ను తప్పించాలంటే నాకు మనసొప్పలేదు. మీ అక్క ఎంత కష్టపడుతోందో నాకు తెలియదా? నేనే దిద్దేశాను. పాసయ్యావు, పో."

పేపరు నా వైపు తిప్పారు. నేను రాసిన వాక్యం అడ్డంగా కొట్టేసి ఉంది. దాని పైన ఎర్ర సిరాతో, ఆవిడ గుండ్రటి అక్షరాల్లో... 'స్త్రీ లేచి, కుర్చీ జరిపి, తలుపు తీసింది.'

"ఎప్పుడు... ఎప్పుడు దిద్దారు మేడమ్?"

"ఇప్పుడే. నువ్వొచ్చే ముందే."

"కొట్టేయండి. మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను, అది కొట్టేయండి!"

ఆవిడ నా తల నిమిరారు, దిద్ది పాస్ చేశారని సిగ్గుపడి ఏడుస్తున్నాననుకుని. "ఇంకో సంగతి విను. 'బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాడు' అన్నావే, ఆ మాట ఈ పేజీలో తప్ప ఎక్కడా లేదు. అది మనిషో, ఏంటో కూడా ఎవరికీ తెలియదు. నిఘంటువులోనే దానికి అర్థం ఇవ్వలేదు. ధైర్యం చేసి నువ్వొకటి ఇచ్చావు. దానికి పూర్తి మార్కులు వేశాను."

పేపరు లాక్కుని ఆ వాక్యం మీద వేలితో రుద్దాను. సిరా అప్పటికే ఆరిపోయింది. కాగితం చిరిగింది గానీ అక్షరాలు చెరగలేదు. మేడమ్ ఏదో అంటున్నారు. నేను వరండాలోకి పరిగెత్తి ఫోన్ చేశాను. మోగింది... మోగింది... ఎత్తింది.

"అక్కా, తలుపు తీశావా?"

"తీశానే." గుసగుసగా అంది. "మధ్యాహ్నం వచ్చినాయనే. చొక్కా కుట్టాలట."

"బయటికొచ్చెయ్. అక్కా, అన్నీ వదిలేసి బయటికొచ్చెయ్!"

"అరవకే, ఆయనకు వినపడుతుంది. కొలతలు తీస్తున్నా."

బట్ట మీద టేపు జరుగుతున్న చప్పుడు. చాలాసేపు అదే చప్పుడు. తర్వాత అక్క ఊపిరి, ఫోనుకు బాగా దగ్గరగా.

"బుజ్జీ... భుజం కొలుస్తున్నానే. టేపు అయిపోయింది... భుజం ఇంకా అయిపోలేదు."