గ్రాఫ్‌లో గాటు

జగ్గయ్యపేటలో నాలుగు డబ్బులు చేతిలో ఆడుతున్నవాళ్ళందరూ ఎత్తుగా, తెల్లగా ఉండే పెద్ద బండ్లు కొంటుంటే, సతీష్‌బాబు మాత్రం పొట్టి ఎర్ర కారు కొన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చూడ్డానికి చిన్నదే గానీ, కాలు ఆనిస్తే చాలు, బుస్సున గాలి పీల్చి ముందుకు దూకేది. నలభై ఆరేళ్ళొచ్చినా, నందిగామలో విత్తనాల కొట్టు చూసుకుంటున్నా, కూతురు ఇంటర్‌కొచ్చినా ఆ పిచ్చి తగ్గలేదు. "అది నీ రెండో సంసారం" అని భార్య రాజ్యశ్రీ దెప్పుతుండేది.

రోజూ పొద్దున్న ఆరింటికి ఆ కారులోనే కూతురు అక్షయని నందిగామ కాలేజీలో దింపి, కొట్టు తెరిచేవాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో దారిలో ఇంకో మనిషి ఎక్కేవాడు. పెనుగంచిప్రోలు రోడ్డు హైవేలో కలిసేచోట, దేవమణి టీకొట్టు పక్కన, చేతిసంచి పట్టుకుని నిలబడి ఉండే శాంతయ్య మాస్టారు. చిన్నప్పుడు సతీష్‌కి లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పుడు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు నందిగామలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆయన దగ్గర ఎప్పుడూ ఆసుపత్రి స్పిరిట్ వాసన వచ్చేది.

ఆయన్ని చూడగానే అక్షయ దిగి వెనక్కి వెళ్ళి కూర్చునేది. మాస్టారు ముందు సీట్లో సర్దుకునేవాడు. బెల్టు మాత్రం ఏనాడూ పెట్టుకున్న పాపాన పోలేదు. కారు టింగు టింగుమని గోల పెడుతుంటే సతీష్ నవ్వుకుని, వంగి, తనే లాగి పెట్టేవాడు.

"నీకు ఎక్కాలు నేర్పినందుకు ఇన్నాళ్ళకి పనికొచ్చావురా" అనేవాడాయన.

ఆ డిసెంబరులో సతీష్ కారుకి, ఇంజిన్‌లోకి గాలి ఎక్కించే టర్బో, పెద్దది వేయించాడు. విజయవాడలో కల్యాణ్ అని, ఈ పనిలో చెయ్యి తిరిగిన మెకానిక్. బండి అప్పగిస్తూ రెండు మాటలు చెప్పాడు.

"బిగించడం సగం పనేనన్నా. మూడో గేరులో తక్కువ స్పీడు నుంచి ఫుల్లు దాకా ఒక్క ఊపున తొక్కు. ఫోన్‌లో ఇంజిన్ గ్రాఫ్ వస్తది, అది దానంతటదే నాకూ చేరుద్ది, చూసి నేను ఇక్కణ్ణుంచే సెట్టింగ్ మారుస్తా. మధ్యలో మాత్రం కాలు తీయొద్దు. ఇంకోటి, వేడి మీద టక్కున ఆపమాక. ఇంటికెళ్ళాక ఒక్క నిమిషం ఇంజిన్ ఊరికే నడవనియ్యి."

సోమవారం అక్షయకి జ్వరం. సతీష్ ఒక్కడే బయల్దేరాడు. పొలాల మీంచి మంచు రోడ్డు మీదికి దిగుతోంది. చిల్లకల్లు దాటాక రోడ్డు కాస్త తెరిపిచ్చింది. మూడో గేరు వేసి నిండా తొక్కాడు. కొత్త టర్బో ఈల వేసింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. ఒళ్ళంతా ఆనందం.

సరిగ్గా అప్పుడే మంచులో ఒక చెయ్యి పైకి లేచింది. పక్కన చేతిసంచి.

కాలు దానంతటదే లేచింది. ఒక్క లిప్త. అంతలోనే... బస్సులున్నాయిగా, ఈ ఒక్క రోజుకేముందిలే అనిపించింది. మళ్ళీ తొక్కేశాడు.

మధ్యాహ్నం కల్యాణ్ ఫోన్ చేశాడు. "అంతా బావుందన్నా. మధ్యలో గాటొకటి పడింది. అర సెకను కాలు తీశావ్. ఏమన్నా అడ్డొచ్చిందా?"

"కుక్క" అన్నాడు సతీష్.

సాయంత్రం తిరిగొస్తూ టీకొట్టు దగ్గర జనాన్ని చూసి ఆగాడు. దేవమణి చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"మాస్టారు పోయాడయ్యా. నీ బండి ఎల్లడం చూసాడు. 'మావాడికి బ్రేకు పడలా, ముందుకెళ్ళి తిప్పుకొస్తాడు' అని ఆ రాయి మీద కూసున్నాడు. రెండు బస్సులొచ్చినయ్యి, ఎక్కమంటే ఎక్కలా. ఎండెక్కినాక టీ ఇద్దామని పోతే... సంచి ఒళ్ళోనే ఉంది. కళ్ళు రోడ్డు మీదే ఉన్నయ్యి."

"మంచులో నాకు కనబడలేదు దేవమణమ్మా" అన్నాడు సతీష్. కనబడ్డాడా అని ఆమె అడగనే లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మాస్టారు పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు.

బుధవారం మళ్ళీ తొక్కాడు. మనసు బాగోనప్పుడు మానేయవచ్చు కదా అంటే, ఆ పిచ్చి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. కల్యాణ్ ఫోన్ వెంటనే వచ్చింది.

"మళ్ళీ అక్కడే గాటన్నా. ఈసారి మూడు సెకన్లు."

"నేను కాలు తీయలేదు."

"తెలుసు. పెడల్ నిండా తొక్కే ఉంది, గ్రాఫ్‌లో కనబడతాంది. గాలే ఆగింది."

గురువారం కల్యాణ్ బండి విప్పి చూశాడు. ఎక్కడా లోపం లేదు.

శుక్రవారం జ్వరం తగ్గి అక్షయ కాలేజీకి బయల్దేరింది. ఎప్పటిలాగే ధనామని తలుపేసి తిట్లు తింది. పక్కన కూతురుందని సతీష్ నెమ్మదిగానే నడిపాడు. టీకొట్టు దగ్గరపడింది. కారు వేగం తగ్గడం మొదలైంది. తొక్కాడు. ఇంకా తగ్గింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది... పెడల్ అడుగుకి ఆనింది... కారు మాత్రం ఆ రాయి వైపు జరుగుతోంది.

వెనక లారీ హారన్. అద్దం నిండా లైట్లు.

"నాన్నా!"

వెంట్రుకవాసిలో లారీ పక్కకి తప్పుకుని పోయింది. రాయి దాటగానే కారు మామూలుగా కదిలింది.

"ఎందుకాపావ్ నాన్నా?" అంది అక్షయ. ఇంకొక్కసారి ఇలా జరిగితే బిడ్డ దక్కదన్న ఒక్క మాటే సతీష్ బుర్రలో తిరిగింది.

సోమవారం అక్షయని బస్సెక్కించి, ఒక్కడే వెళ్ళాడు. కారు నెమ్మదించగానే ఈసారి తనే పక్కకి తీసి ఆపాడు. వంగి ఎడమ తలుపు తెరిచాడు. చలి లోపలికి వచ్చింది. తడిమట్టి వాసన.

"చూశాను మాస్టారూ" అన్నాడు గుసగుసగా. "చూసే వెళ్ళిపోయాను. తప్పయిపోయింది... ఎక్కండి."

ఎవరూ లేరు. మంచు. రాయి. కాసేపటికి తడిమట్టి వాసన పోయి... స్పిరిట్ వాసన.

తలుపు వేసి బయల్దేరాడు. కారు వెన్నలా సాగింది. ఇన్నాళ్ళకి గుండె తేలికపడింది. రోడ్డు ఖాళీ. కాలు ఊరుకోలేదు, నిండా తొక్కాడు. నందిగామలో అడుగుపెడుతుండగా ఫోన్ మోగింది.

"గాటు పోయిందన్నా! గీత గీసినట్టుంది. ఏం చేశావ్?"

సతీష్ పకపకా నవ్వాడు. ఏ గేరులో ఎంత వేగం వచ్చిందో చెప్పుకుంటూ, కొట్టు ముందుకెళ్ళి ఆగాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. అక్షయ బస్సులో ముందే వచ్చేసింది. గేటు లోపల కారు నిలిపి, కల్యాణ్ చెప్పినట్టు ఇంజిన్ నడవనిస్తూ కూర్చున్నాడు. ఒక్క నిమిషం. లోపల కుక్కర్ కూత వేసింది.

టింగ్.

పక్కకి చూశాడు. ఖాళీ సీటు.

టింగ్... టింగ్...

డాష్‌బోర్డు మీద ఎర్రటి బొమ్మ వెలిగింది. పక్క సీటు మనిషి బెల్టు పెట్టుకోలేదని.

అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కించుకున్నాడు. ఆసుపత్రి ముందు నుంచే వెళ్ళాడు. ఫోన్‌లో నవ్వుతూ వెళ్ళాడు. ఆపలేదు... దింపలేదు.

టింగ్... టింగ్... టింగ్...

ఏళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే సాగింది. వంగి, బెల్టు అందుకుని, ఖాళీ సీటు మీదుగా లాగాడు. టక్కుమని పడింది. మోత ఆగింది.

బెల్టు సీటుకి ఆనలేదు. జానెడు ఎత్తున... గాలిలో... బిగుతుగా నిలబడింది. కొద్దిగా పైకి లేచింది. కిందికి దిగింది. మళ్ళీ లేచింది.

నిమిషం అయిందో లేదో తెలియదు. ఇంజిన్ ఆపి, ఇంట్లోకి పరిగెత్తాడు. రాజ్యశ్రీ ఏమైందంటే తలనొప్పన్నాడు.

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే ఒక్కడే వెళ్ళి, ఆసుపత్రి ముందు ఆపి, తలుపు తీసి, దణ్ణం పెట్టి దింపేయాలనుకున్నాడు. చీకటుండగానే బయటికొచ్చి కారు స్టార్ట్ చేశాడు. పక్క సీటు వైపు చూడలేదు. గేటు తీద్దామని దిగేసరికి, అక్షయ అప్పటికే బ్యాగు తగిలించుకుని కారు దగ్గరుంది. పరీక్షట, తొందరగా వెళ్ళాలట.

"అమ్మా, నువ్వు బస్సులో..." అనబోయాడు.

ఆమె ముందు తలుపు తీసింది. తీసిన చెయ్యి అలాగే ఆగింది. ఎప్పుడూ ధనామని వేసే పిల్ల, ఆ తలుపు చప్పుడు కాకుండా మెల్లగా మూసింది. వెనక తలుపు తీసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఒద్దికగా ఓ మూలకి జరిగి కూర్చుంది.

సతీష్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెనక నుంచి అక్షయ ముందుకు వంగి, అతని చెవి దగ్గర గుసగుసగా అడిగింది.

"నాన్నా... ఇవాళ మంగళవారం కదా?"