సముద్రానికి పొయ్యి ఎందుకు?

ఆదివారం పొద్దున హూడిలోని మోహన్‌కుమార్ ఇంట్లో పూజ ముగిసింది. సాంబ్రాణి పొగ ఇంకా హాల్లోనే తిరుగుతోంది. నుదుటి మీద నామం ఆరకముందే అతను సోఫాలో కూర్చుని ఫోన్‌ను టీవీకి కలిపాడు. తెర మీద పటం వచ్చింది. మంగళూరు నుంచి గోకర్ణం దాకా, సముద్రం పక్కనే, ఒక నీలం గీత.

ఈ ప్రయాణం ఆలోచన అతనిదే. మహదేవపురలో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి నడుపుతాడు. గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ కరావళి, అంటే ఆ సముద్రతీరపు తిండి వీడియోలు చూస్తూ గడిపాడు. ఏ ఊళ్ళో నీర్ దోసె బాగుంటుంది, ఏ సందులో మైదా బోండాల్లాంటి గోళిబజె వేడిగా దొరుకుతుంది, చామాకులో పిండి చుట్టి ఉడికించే పత్రొడె ఎవరింటి ముందు అమ్ముతారు, అన్నీ అతనికి నోటికి వచ్చేశాయి. కార్తీకం రాకముందే కారులో బయల్దేరి, నాలుగు రోజులు తింటూ పోయి తింటూ రావాలని అతని కోరిక.

"నాన్నా, ఇది టూరా, తిండి పోటీనా?" అంది కూతురు రాధిక. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది.

"సముద్రం యాడైనా ఉప్పుగానే ఉంటాదమ్మా. తిండి మాత్రం ఊరూరికీ మారతాది" అన్నాడు మోహన్‌కుమార్.

రాధిక వెంటనే బంగుడె చేప వేపుడు సంగతి ఎత్తింది. గోడకు ఆనుకుని తమలపాకులు తుడుస్తున్న సొన్నమ్మ మనవరాలి వైపు చూసి, మన ఇంటి స్వామి విగ్రహం మనతో వస్తుంటే చేపల మాట ఏమిటని మందలించింది. మోహన్‌కుమార్ తల్లి ఆమె. భర్త ఓబళప్ప పోయాక ఇంట్లో పూజా పద్ధతులన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. చేపల విషయం తర్వాత చూద్దామని మోహన్‌కుమార్ ఇద్దరికీ సర్దిచెప్పాడు.

అతని భార్య నళిని వంటింటి గుమ్మంలో నిలబడి టీవీ వైపు చూస్తోంది. మామూలుగా ఇలాంటి మాటల్లో ఆమె కలగజేసుకోదు. ఆ రోజు మాత్రం, కొట్టె కడుబు అంటే ఏమిటని అడిగింది. పనసాకుల దొన్నెల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే ఇడ్లీ అని చెప్పాడతను. ఉడుపి దగ్గర ఒక ముసలావిడ చేస్తుందట, పొద్దున ఏడింటికి పోతేనే దొరుకుతుందట. "ఏడింటికి పోదాం" అంది నళిని. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో వచ్చిన వెలుగు రాధిక చూసి, అమ్మ వయసు ఇంత చిన్నదా అనుకుంది.

ఆ వారమంతా నళిని పని చేస్తూ కూనిరాగం తీసింది. బట్టల దండెం దగ్గర నిలబడి పటంలోని ఊళ్ళ పేర్లు ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంది. హిందూపురంలో ఉన్న చెల్లెలు భారతికి ఫోన్ చేసి, "నాలుగు రోజులు నేను పొయ్యి ముట్టించనే" అని చెప్పింది. చెల్లెలు నమ్మలేదు. నీ పెళ్ళయినప్పటి నుంచి ఒక్క పొద్దున కూడా అలాంటిది జరగలేదు కదా అంది. నళిని నవ్వేసింది.

చెల్లెలు అన్నది నిజమే. వాళ్ళ ఇంటి దేవుడు కదిరి నరసింహస్వామి. ఓబళప్ప తాతల కాలం నాటి అరచేయంత ఇత్తడి విగ్రహం ఒక చెక్క పెట్టెలో ఉంటుంది. ఆయనకు రోజూ పొద్దున ఇంటి కోడలు తలస్నానం చేసి వండిన అన్నం పెట్టాలి. ఆయన ఆరగించకముందు ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. ఇల్లు తాళం వేసి అందరూ కదలాల్సి వస్తే స్వామిని పస్తు పెట్టకూడదు కాబట్టి పెట్టెతో సహా ఆయనా కదులుతాడు. వంట కూడా కదులుతుంది. ధర్మస్థలకు పోయినా, తిరువణ్ణామలై పోయినా, ఆ కుటుంబం వెంట బియ్యం మూట, గిన్నెల సంచి వెళ్ళాయి. ఈసారి తిండి కోసమే పోతున్నాం కాబట్టి పద్ధతి ఏదో మార్చే ఉంటారని నళిని అనుకుంది. అడగలేదు. మోహన్‌కుమార్ మార్చనక్కర లేదనుకున్నాడు. అతనూ చెప్పలేదు.

గురువారం సాయంత్రం అతను ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. అప్పుడే దీపం పెట్టిన నళినిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి విప్పాడు. లోపల చిన్న గ్యాస్ బండ, దాని మీదే బిగించుకునే పొయ్యి.

"చూడు, ఎంత తేలికో" అన్నాడు. తర్వాత ఫోన్ తీసి బస చేసే ఇళ్ళ బొమ్మలు చూపించాడు. హోటల్ గదులు కావవి, వంటగది ఉన్న ఇళ్ళు. వెతికి వెతికి పట్టానని చెప్పాడు. ఆ వంటగదుల్లో ఉన్న పొయ్యిల మీద ఎవరెవరో చేపలు వండి ఉంటారు కాబట్టి స్వామికి ఈ కొత్త పొయ్యి. చెట్టు కింద రాళ్ళు పేర్చే బాధ లేదు, గాలికి మంట ఆరిపోదు, నీకు కష్టమే ఉండదని సంతోషంగా చెప్పుకుపోయాడు.

నళిని పొయ్యి వైపు చూసింది. అట్టపెట్టెను మడిచి గోడ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. చపాతీ పిండి తడిపింది. అందరికీ పెట్టింది. అందరూ తింటున్నప్పుడు, గొంతు పెంచకుండా అంది.

"మీరు ముగ్గురూ పోయి రాండి. నేను రాను."

మోహన్‌కుమార్ మొదట తమాషా అనుకున్నాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. అంగడి చూసుకునేదానికి ఎవరైనా కావాలంటే తన తమ్ముణ్ణి పెడతానన్నాడు. నళిని ఏదీ కాదంది. సొన్నమ్మ కంచంలో చెయ్యి ఆపింది.

"స్వామికి వండేదానికి బేజారయిందా తల్లీ?" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు కంటే భయమే ఎక్కువ ఉంది.

"లేదత్తా. స్వామికి వండేదానికి నాకెప్పుడూ బేజారు రాలేదు. ఇంట్లో ఏ పొద్దయినా వద్దన్నానా?" నళిని భర్త వైపు తిరిగింది. "తినేదానికి పోతుండామని మీరే చెప్పినారు. ఆ మాట నాక్కూడా అని అనుకున్నాను. అదే నా తప్పు."

"అయ్యో, పొద్దున ఒక్క పూటే కదా నళినీ. తర్వాత అంతా బయటే."

"మీరు చూపించిన అంగళ్ళన్నీ పొద్దున తెరిచేవే. నేను స్నానం చేసి, వండి, స్వామికి పెట్టే పొద్దుకి ఆ ముసలామె కడుబులు అయిపోయుంటాయి. వండిన అన్నం పారేయకూడదు కాబట్టి అదే తింటాం. గిన్నెలు కడిగి బయల్దేరే పొద్దుకి ఎండ. మీరు పోయినసారి ధర్మస్థలలో ఏటికి పోయి మునిగొచ్చినారు. నేను కుక్కర్ దగ్గర ఉండా. ఆ ఏరు ఎట్లుంటాదో నాకు తెలీదు."

మోహన్‌కుమార్‌కు కోపం రావాలి, రాలేదు. తను ఇన్ని రోజులు పటం మీద ప్రతి పూటా, ప్రతి మలుపూ రాసుకున్నాడు. ఆమె పొద్దున ఎక్కడ ఉంటుందన్నది మాత్రం అందులో లేదు. అయినా దేవుడి విషయం. తండ్రి చేసినది తను మానితే ఏమవుతుందో అన్న భయం అతని గొంతులో అడ్డం పడింది. చిన్నప్పుడు ఒకసారి, దేవుడికి నిజంగా ఆకలేస్తుందా అని తండ్రిని అడిగాడు. ఓబళప్ప సమాధానం చెప్పలేదు, కొట్టనూ లేదు. కళ్ళు మూసుకుని దండం పెట్టుకోమన్నాడంతే.

మాట మార్చడానికో, అవ్వను మాట్లాడించడానికో, రాధిక సొన్నమ్మ పక్కకు జరిగింది.

"అవ్వా, నువ్వు తాతతో గోకర్ణం పోయినావు కదా. అప్పుడూ వండినావా?"

సొన్నమ్మ ముఖం కాస్త తేలికపడింది. అది ఆమెకు ఇష్టమైన జ్ఞాపకం. అప్పుడు వాళ్ళుండే బాగేపల్లి నుంచి ఊరివాళ్ళంతా బస్సు కట్టించుకుని పోయారు. సత్రం వెనక మూడు రాళ్ళు పెట్టింది. కట్టెలు తడిసి ఉన్నాయి, గాలి మంటను నిలవనివ్వడం లేదు. చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని గాలికి అడ్డంగా నిలబడింది. అన్నం, పప్పు, స్వామికి పరమాన్నం. స్నానాలు చేసి తిరిగొచ్చిన వాళ్ళంతా తిని, ఓబళప్ప పెండ్లాము చెయ్యి అన్నపూర్ణ చెయ్యి అన్నారు. ఈ కథ ఇంట్లో అందరికీ తెలుసు.

"మరి నువ్వు సముద్రంలో స్నానం ఎప్పుడు చేసినావవ్వా?"

"నేనా? పరమాన్నం పొయ్యి మీద ఉంటే యాడ పోయేది? వాళ్ళొచ్చేసరికి పొద్దెక్కింది. తినేసి బస్సెక్కినాం."

"చూడలేదా అసలు?"

"శబ్దం విన్నా" అంది సొన్నమ్మ. "సత్రానికి అవతలనే కదా. బాగా వినబడతా ఉండె."

అని ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా చెబుతున్న కథే. కట్టెలు, గాలి, పరమాన్నం, మెచ్చుకోళ్ళు అన్నీ అందులో ఉన్నాయి. సముద్రం లేదని ఆమెకు ఇప్పుడే తెలిసినట్టుంది. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, తన గదిలోకి పోయి పడుకుంది. నళిని వెనకే వెళ్ళింది, బాధపెట్టానా అత్తా అని అడిగింది. పడుకో తల్లీ, ఏమీ లేదంది సొన్నమ్మ.

మరునాడు నళిని తలస్నానం చేసి వచ్చేసరికి సొన్నమ్మ పూజ దగ్గర కూర్చుని ఉంది. స్వామి ఎదుట ఒక గిన్నెలో నానబెట్టిన పెసరపప్పు, పక్కన చిన్న చెంబులో బెల్లం, మిరియాలు కలిపిన పానకం. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది.

మోహన్‌కుమార్ కంగారు పడ్డాడు. "అమ్మా, అన్నం పెట్టకుండా..."

"కూర్చోప్పా" అంది సొన్నమ్మ. "నరసింహస్వామికి వడపప్పు, పానకం కంటే ఇష్టమైనవి ఏముండాయి చెప్పు. గుళ్ళో పెట్టేది అదే కదా. ఏటేటా జయంతి నాడు మనం పెట్టేదీ అదే."

"రోజూ అన్నమే పెట్టాలని నువ్వే చెప్పినావు కదమ్మా."

"నాకు మా అత్త చెప్పింది. స్వామిని పస్తు పెట్టొద్దు అనింది. అన్నమే అనిందో, మా అత్త ఇంట్లో అన్నముండేదని అట్లా అయిందో, నేనూ అడగలేదు." ఆమె హారతి పళ్ళెం అందుకుంది. "కంబం చీల్చుకుని బయటికి రాకముందు అంతకాలం దాంట్లోనే ఉండినాడే, అప్పుడు ఆయనకి ఎవరు వండిపెట్టినారు?"

రాధిక ఫక్కున నవ్వింది. మోహన్‌కుమార్ నవ్వలేదు కానీ అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. హారతి వెలుగులో స్వామి రోజూ ఉన్నట్టే ఉన్నాడు. పానకం తీర్థంలా అరచేతిలో పోసుకుని తాగాడు. మిరియం ఘాటు గొంతులో పట్టింది. నిన్న అడ్డం పడినదేదో దానితో దిగినట్టు అనిపించింది. ఇందరు భక్తులున్న ఇంట్లో ఈ మాట ఇంతకాలం ఎవరికీ ఎందుకు తట్టలేదా అనుకున్నాడు. తండ్రి మీద అతనికి గౌరవం తగ్గలేదు. ఆయనా ఎవరినీ అడిగి ఉండడు.

పప్పు నానబెట్టడం తనే చేస్తానని, ప్రయాణంలో ఆ పూజ తనదని తల్లితో చెప్పాడు. చేపల సంగతి రాధిక మళ్ళీ ఎత్తింది. స్వామికి పెట్టి, గది తలుపు మూసి బయల్దేరతాం, బయట నువ్వేం తిన్నావని ఆయన వచ్చి అడుగుతాడా అంది సొన్నమ్మ. శనివారం మాత్రం వద్దంది.

కొత్త పొయ్యిని కొన్నచోటే తిరిగి ఇచ్చేస్తానని మోహన్‌కుమార్ కారులో పెట్టాడు. వెనక్కి వచ్చి, టీవీలో పటం తెరిచి, నళినిని వంటింట్లోంచి పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తన పక్కన చోటు చూపించి కూర్చోమన్నాడు. ఇప్పటిదాకా నా ఇష్టం ప్రకారం పెట్టాను, మొదటి నుంచి మళ్ళీ పెడదాం, నీకు ఏం తినాలని ఉందో చెప్పు అన్నాడు.

నళిని తెర వైపు చూసింది. ఊళ్ళ పేర్లు అన్నీ తెలుసు. అతనికి బన్స్ అనే అరటిపండు పూరీలు ఇష్టమని తెలుసు. రాధికకు చేపలు. అత్తకు పళ్ళు సరిగ్గా లేవు కాబట్టి మెత్తటి నీర్ దోసె. అవన్నీ చెప్పింది.

"అది మాకు. నీకేం కావాల?"

ఆమె నోరు తెరిచి ఆగింది. ఇంట్లో ఎవరికి ఉప్పు తక్కువో, ఎవరికి పులుపు ఎక్కువో, చుట్టాల్లో ఎవరు వంకాయ ముట్టరో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తనకు ఏది ఇష్టమో ఆలోచించింది. మళ్ళీ ఆలోచించింది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి.

"నాకు తెలీదండీ" అంది. "నిజంగా తెలీదు."

మోహన్‌కుమార్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తల్లి ముందు, కూతురి ముందు అలా పట్టుకోవడం అతనికి కొత్త. సొన్నమ్మ గోడ దగ్గర నుంచి లేచి వచ్చి కోడలికి రెండో పక్కన కూర్చుంది.

"నాకూ తెలీదులే" అంది. "ఇద్దరం ఒక్కో అంగట్లో ఒక్కోటి రుచి చూద్దాం. బాగలేకపోతే నీ మొగుడికి పెడదాం."

నళిని ఏడుస్తూనే నవ్వింది. కొంగుతో ముఖం తుడుచుకుని, తెర మీద మొదటి ఊరి వైపు వేలు చూపించి, అక్కడ పొద్దున ఏమేమి దొరుకుతాయో ఒక్కొక్కటీ మెల్లగా చదవమని భర్తకు చెప్పింది.